గ్యాస్ డిటెక్టరు మీద నూనె బొట్టు

మట్టితో చేసిన మనిషి నాసికారంధ్రాల్లో ఊపిరి ఊది, అతణ్ణి ప్రాణిగా నిలబెట్టిన దేవునికి స్తోత్రం. కంటికి కనబడని గాలిలో మన బతుకును దాచిన ఆయన జ్ఞానానికి స్తోత్రం. నా ఉద్యోగకాలమంతా, నా సంతకాన్ని నమ్ముకుని ట్యాంకుల్లోకీ గోతుల్లోకీ దిగిన ప్రతి మనిషినీ మళ్ళీ నిచ్చెన ఎక్కించి ఇంటికి పంపింది ఆయన కృపే కాని నా తెలివి కాదు. ఈ మాట మర్యాద కోసం రాయడం లేదు. ఒక రోజు నా తెలివి ఎంతవరకు వచ్చి ఆగిపోయిందో నాకు బాగా గుర్తుంది. ఆ రోజు గురించే ఇది.

కోవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తేశాక వచ్చిన వేసవిలో, చోడవరం దగ్గర ఒక చిన్న బయోగ్యాస్ ప్లాంటులో సేఫ్టీ ఆఫీసరుగా చేరాను. అదే నా ఆఖరి పోస్టింగు. అంతకుముందంతా విశాఖపట్నంలో పెద్ద కర్మాగారాల ఫైర్ అండ్ సేఫ్టీ విభాగాల్లో గడిచింది. ఈ ప్లాంటు పేరు ఇక్కడ అవసరం లేదు. చెరకు రసం వడగట్టాక మిగిలే నల్లటి మడ్డిని లారీల్లో తెచ్చి, నీళ్ళు కలిపి, గాలి చొరబడని పెద్ద ట్యాంకుల్లో పులియబెట్టి గ్యాస్ తీసేవాళ్ళు. మడ్డిలో నీళ్ళు కలిపేది నేలలోకి కట్టిన ఒక గోతిలో. దాన్ని సంప్ అనేవాళ్ళం. రెండు నిలువుల లోతు, పైన ఇనుప మూత, మధ్యలో తిరిగే రెక్కల యంత్రం.

చూడటానికి అది ఉత్త బురదగొయ్యి. కాని మడ్డి కుళ్ళే చోట మీథేన్ పుడుతుంది, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది, కుళ్ళిన కోడిగుడ్ల కంపు దానిదే. ఈ రెండోదానికి ఒక చెడ్డ గుణం ఉంది. కొద్దిగా ఉంటే కంపు కొడుతుంది. బాగా ఎక్కువైతే, లేదా చాలాసేపు పీలిస్తే, మన ముక్కునే మొద్దుబారుస్తుంది. కంపు పోయింది కదా అని దిగినవాడు రెండు ఊపిరులకే పడిపోతాడు. అతణ్ణి లాగుదామని దిగినవాడు అతని మీదే పడతాడు. మా వృత్తిలో ఉన్నవాళ్ళెవరూ ఇలాంటి జంట మరణాల కథ వినకుండా రిటైరు కారు.

అందుకే గ్యాస్ డిటెక్టరు. అరచేతిలో పట్టేంత డబ్బా. దాని ముఖం మీద నాలుగు చిన్న గుండ్రటి జల్లెడలు, ఒక్కోదాని వెనక ఒక్కో సెన్సారు. ఆక్సిజన్, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్ కొలిచే మూడూ ఒకే తరహావి. జల్లెడ వెనక పల్చటి పొర ఉంటుంది. గ్యాస్ అందులోంచి ఇంకి లోపలి రసాయనాన్ని తాకితే సన్నని విద్యుత్తు పుడుతుంది. ఎంత గ్యాస్ వస్తే అంత విద్యుత్తు, ఆ లెక్కన తెర మీద అంకె. నాలుగోది మండే గ్యాసులకు. అందులో వేడెక్కిన రెండు చిన్న పూసలుంటాయి. ఒక పూస మీద గ్యాస్ మండి దాని వేడి పెరుగుతుంది, రెండోది మామూలుగానే ఉంటుంది. ఆ తేడాయే కొలత. మండటానికి ఆక్సిజన్ కావాలి కనక, ఆక్సిజన్ చాలని చోట ఈ పూసల మాట నమ్మకూడదు. తెర మీద ముందు ఆక్సిజన్ చూసి, తరవాతే మిగతావి చూడమని కొత్తవాళ్ళకు మొదటి పాఠంగా చెప్పేవాణ్ణి. మామూలు గాలిలో ఆక్సిజన్ ఇరవై పాయింట్ తొమ్మిది శాతం చూపాలి, మిగతా మూడూ సున్నా చూపాలి.

ఈ డబ్బాల బాధ్యత ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ వరహాలమ్మది. రావికమతం వైపు చెరకు రైతు కూతురు, ఐ.టి.ఐ. చదివింది. అప్పటికి ముప్పై దాటి ఉంటాయి. హోదాలో నాకంటే మూడు మెట్లు కింద. కాని డిటెక్టరును ఆమె చూసుకున్నట్టు చూసుకున్నవాళ్ళను విశాఖలో కూడా నేను చూడలేదు. రోజూ షేర్ ఆటో దిగగానే డబ్బాను గేటు బయటికి, మడ్డి గాలి సోకని చోటికి తీసుకెళ్ళి ఆన్ చేసేది. అది తనను తాను సరిచూసుకునేదాకా ఆగి, మంచి గాలిలో సున్నాకు సరిపెట్టేది. చెడుగాలిలో నిలబడి సున్నాకు సరిపెడితే, డబ్బా ఆ చెడుగాలినే మంచిదనుకుంటుంది. ఆ తరవాత చిన్న సిలిండరు తెచ్చేది. అందులో నాలుగు గ్యాసులూ తెలిసిన పాళ్ళలో కలిపి ఉంటాయి. డబ్బా ముఖానికి టోపీలాంటి మూత తొడిగి, గొట్టంతో ఆ గ్యాస్ వదిలితే నాలుగు అంకెలూ కదలాలి, అలారం మోగాలి, ఎర్ర దీపం వెలగాలి. దీన్ని బంప్ టెస్ట్ అంటారు. డబ్బాకు చూపు ఉందో లేదో తెలిపే పరీక్ష.

రోలుగుంట నుంచి వచ్చే ఫిట్టరు సన్నిబాబు ఆ సమయంలోనే సైకిల్ స్టాండు దగ్గర నిలబడి, అక్కను పిలిచినట్టు అప్పా అంటూ ఏడిపించేవాడు.

“ఏటప్పా, మిషన్‌కి పాలు పడతన్నావా?”

“నీకు పాడె కట్టకుండా ఉండాలని పడతన్నానురా. ఎళ్ళు, ఎళ్ళి టీ తాగు.”

శానిటైజరు రాసుకున్న చేత్తో డిటెక్టరు పట్టుకుంటే ఊరుకునేది కాదు. ఆ ఆవిరికి కార్బన్ మోనాక్సైడ్ అంకె ఉత్తినే లేస్తుంది. తుప్పు వదిలించే స్ప్రే దాని దగ్గర కొట్టనిచ్చేది కాదు. అందులో ఉండే సిలికాన్ ఆ పూసలను శాశ్వతంగా చంపేస్తుంది. ఇవన్నీ నాకు తెలిసినవే. తెలిసిన నేను చేసిన పని ఇప్పుడు చెప్పాలి.

మా పాత డిటెక్టరు సెన్సార్లు బాగానే ఉన్నా, బ్యాటరీ రెండు గంటలకు మించి నిలిచేది కాదు. ఎంతో రాసి రాసి కొత్తది తెప్పించాను. అది ఒక శనివారం సాయంత్రం వచ్చింది. అప్పటికి వరహాలమ్మ ఇంటికి వెళ్ళిపోయింది. కంపెనీవారి క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్‌తో సహా నా గది బీరువాలో పెట్టాను.

నేను మా సంఘంలో పెద్దను. ఏ పని మొదలుపెట్టినా ప్రార్థన చేసి మొదలుపెట్టడం మా ఇంటి పద్ధతి. కూటాల్లో పాస్టరు గారు ప్రార్థించి ఇచ్చిన ఒలీవ నూనె చిన్న సీసా నా సంచిలో ఎప్పుడూ ఉండేది. రోగులకు రాసేవాణ్ణి, కొత్త ఇళ్ళ ద్వారబంధాలకు రాసేవాణ్ణి. అరణ్యంలో గుడారం కట్టినప్పుడు అందులోని ప్రతి ఉపకరణాన్నీ తైలంతో ప్రతిష్ఠించిన క్రమం లేఖనాల్లో ఉంది. మనుషుల ప్రాణాలు కాసే ఈ ఉపకరణాన్ని ప్రతిష్ఠించకుండా ఎలా వాడాలి అనిపించింది. సోమవారం ఉదయం గదిలో ఒక్కణ్ణే మోకరించి, ఈ డబ్బా తోడుగా దిగే ప్రతి మనిషినీ కాపాడమని వేడుకుని, వేలితో ఒక బొట్టు నూనె తీసి దాని ముఖం మీద రాశాను. నాలుగు జల్లెడలు కనిపిస్తూనే ఉన్నాయి. నా మనసు ప్రార్థన మీద ఉంది, వేలు ఎక్కడ పడిందో చూడలేదు.

ఆ రోజే పది గంటల వేళ సంప్‌లో రెక్కలు ఆగిపోయాయి. మడ్డిలో వచ్చిన గోనెసంచి పీలికలు, చెరకు పిప్పి ఇరుసుకు చుట్టుకున్నాయి. మనిషి దిగి కోసి తీయాలి. దిగాల్సింది సన్నిబాబు.

పద్ధతి ప్రకారమే అన్నీ చేశాం. మోటారు కరెంటు తీసి తాళం వేశాం. సంప్‌లోకి వచ్చే పైపు మూసి, బురదను మోకాలి లోతుకు తోడించాం. బ్లోయరుతో అరగంట మంచి గాలి పంపాం. గోతి మీద మూడుకాళ్ళ స్టాండు నిలిపి, సన్నిబాబుకు నడుం బెల్టు, తాడు తగిలించాం. ఇంక మిగిలింది గ్యాస్ పరీక్ష, పర్మిట్ కాగితం మీద నా సంతకం.

బ్లోయరు ఆపించి కొత్త డిటెక్టరు బయటికి తీశాను. గేటు దగ్గరికి వెళ్ళి సున్నాకు సరిపెట్టి తెచ్చాను. దాని ముఖానికి టోపీ తొడిగి గొట్టం బిగించి, గొట్టం కొసను గోతిలోకి వదిలాను. ఆ గొట్టానికి రక్తపోటు చూసే డాక్టరు నొక్కేలాంటి రబ్బరు బుడ్డి ఉంటుంది. గొట్టం ఎంత పొడవో దాన్నిబట్టి అన్నిసార్లు నొక్కితేనే లోపలి గాలి డబ్బాదాకా వస్తుంది. తొందరపడితే గొట్టంలో ఉన్న మంచి గాలినే కొలిచి మోసపోతాం. పైన, మధ్యన, అడుగున మూడు చోట్లా లెక్కపెట్టి నొక్కాను. ఆక్సిజన్ సరిగ్గా ఉంది. మండే గ్యాస్ అడుగున రెండు చూపించింది, అలారం మోగేది పదికి. కార్బన్ మోనాక్సైడ్ సున్నా. హైడ్రోజన్ సల్ఫైడ్ మూడు చోట్లా సున్నా.

కాగితం తీసి జేబులోంచి పెన్ను తీశాను. అప్పుడే కంప్రెసరు వైపు నుంచి వరహాలమ్మ వచ్చింది. తెర వైపు చూసింది, గోతి వైపు చూసింది.

“సార్, దీన్ని బంప్ చేసేరా?”

కొత్తదమ్మా, సర్టిఫికెట్ ఉంది, నిన్నగాక మొన్ననే పెట్టె విప్పాం అన్నాను.

“అది కాదు సార్. అడుగున హెచ్ టూ ఎస్ సున్నా ఏటి? మడ్డిగొయ్యి ఇది. ఎంత గాలి కొట్టినా రెండో మూడో సూపించాల. పాతది ఏనాడూ ఇంత సుబ్బరంగా సున్నా సూపించలేదు.”

ప్రొడక్షన్ ఇన్‌చార్జి నాగరాజు గారు అక్కడే ఉన్నారు. సంప్ ఆగితే ట్యాంకులకు మేత ఆగుతుంది, మేత ఆగితే గ్యాస్ తగ్గుతుంది. ఆయన తొందర ఆయనది.

“పాత మిషన్ ముసిల్ది, దానికి అన్నీ కంపే. కొత్తది వచ్చిందంటే సంతోషించక ఏటమ్మా నీ గోల? సేఫ్టీ సారుకన్నా నీకెక్కువ తెలుసా?”

“సారుకే ఎక్కువ తెలుసండి. అందుకే సార్నే అడుగుతన్నాను.”

సన్నిబాబు అప్పటికే గోతి అంచున కూర్చుని నిచ్చెన మెట్టు మీద కాలు పెట్టాడు. “అప్పా, ఇంక సాలు. నా దగ్గరికి కంపేటీ రాటంలేదు. పది నిమిషాల్లో కోసుకొచ్చేత్తాను.”

ఆమె ముఖం మారిపోయింది. “పొద్దున్న కంపు కొట్టిందా?”

“ఓ, దంచేసింది.”

“ఇప్పుడు లేదా?”

“లేదు.”

“కాలు పైకి తియ్యి. తియ్యి ముందు! సార్, సంతకం పెట్టకండి. రెండు నిమిషాలు.”

అంటూనే ఇన్‌స్ట్రుమెంట్ గదికి పరుగెత్తింది. నాగరాజు గారు నా వైపు చూశారు. ఆ చూపులో ఉన్న ప్రశ్న నాకు అర్థమైంది. పై అధికారిని, కాగితం నా చేతిలో ఉంది, తెర మీద అంకెలు నా వైపే ఉన్నాయి. సంతకం పెడితే అడిగేవాళ్ళు లేరు. నేను పెన్ను మూత పెట్టాను. వివేకంతో అని చెప్పను. కంపు సంగతి ఆమె అడిగిన తీరుకు చెయ్యి ఆగింది, అంతే.

ఆమె సిలిండరుతోపాటు పాత డిటెక్టరు కూడా తెచ్చింది. మమ్మల్ని గోతికి దూరంగా, గాలి వీచే వైపుకు నడిపించింది. కొత్తదాని టోపీకి సిలిండరు గొట్టం తగిలించి వాల్వు తిప్పింది. ఆక్సిజన్ అంకె తగ్గింది, ఎందుకంటే ఆ గ్యాసులో ఆక్సిజన్ తక్కువ. మండే గ్యాస్ లేచింది. కార్బన్ మోనాక్సైడ్ లేచింది. అలారం కీచుమంది, ఎర్ర దీపం వెలిగింది.

“మోగింది కదేటి!” అన్నారు నాగరాజు గారు.

వరహాలమ్మ వాల్వు కట్టలేదు. వేలు ఒక్క అంకె మీద పెట్టింది. హైడ్రోజన్ సల్ఫైడ్ సున్నా. నిమిషం గడిచింది. సున్నా. మూడు కళ్ళు చూస్తున్నాయి, నాలుగోది గుడ్డిది. మాకు ఆ పూట కావలసింది ఆ నాలుగోదే.

టోపీ తీసి టార్చి వేసి చూసింది. “ఈ జల్లెడ మీద జిడ్డుంది సార్. నూనె. ఎవరో నూనె రాసేరు.”

సన్నిబాబు నడుముకు తాడుతోనే నా పక్కన నిలబడి ఉన్నాడు. డబ్బా నాకూ నా బీరువాకూ తప్ప ఎవరికీ తెలియదు. ప్యాకింగులోనే అంటి ఉంటుందని చెప్పగలిగేవాణ్ణి, అందరూ నమ్మేవాళ్ళు. ఆ అబద్ధం నోటిదాకా వచ్చిందని ఒప్పుకుంటాను.

“నేనే అమ్మా. ప్రార్థన చేసి రాశాను” అన్నాను.

నాగరాజు గారు తల తిప్పుకున్నారు. వరహాలమ్మ మాత్రం నవ్వలేదు, నా ముఖం చూసి జాలి పడనూ లేదు.

“దసరాకి మావోళ్ళూ అంతే సార్. పానాలకి, మోటార్లకి పసుపు కుంకం పెడతారు. దీనికీ పెట్టబోతే నేనే సెయ్యి అడ్డం పెట్టేను. పెట్టాలంటే దీని పెట్టికి పెట్టండి, ముక్కుకి పెట్టకండి అన్నాను. మీరూ ఈసారి పెట్టికే రాయండి.”

సన్నిబాబు గట్టిగా ఊపిరి వదిలాడు. “మీ దేముడూ మా దేముడూ కలిసి నన్ను గోతిలోకి తోసేద్దురు కదండీ బాబూ” అన్నాడు. అప్పుడు అందరం నవ్వాం.

పాత డిటెక్టరుకు అక్కడే బంప్ చేసింది. నాలుగు అంకెలూ కదిలాయి. గొట్టం మళ్ళీ గోతిలోకి వదిలింది. పైన నాలుగు. మధ్యన ముప్పై దాటింది, అలారం మొదలైంది. అడుగున, బురదకు జానెడు పైన, అంకె ఎగబాకి వంద దగ్గర కొలత హద్దు దాటిన గుర్తు చూపి నిలిచిపోయింది. ఇక కొలవలేనని యంత్రం చెప్పడం అది. బురద తోడినప్పుడు దాని పైన గట్టిపడ్డ పెంకు పగిలి, లోపల చిక్కుకున్న గ్యాసంతా వదిలింది. బ్లోయరు గొట్టం అడుగుదాకా అందలేదు. సన్నిబాబు దిగి ఇరుసు దగ్గర వంగి ఉంటే అతని ముఖం సరిగ్గా ఆ ఎత్తుకే వచ్చేది.

ఆ రోజు గోతిలోకి ఎవరూ దిగలేదు. మూత తీసి ఉంచి, బ్లోయరు గొట్టానికి అతుకు వేసి అడుగుదాకా దించి, సాయంత్రందాకా నడిపాం. పైనుంచి నీళ్ళు కొట్టి మిగిలిన బురద తోడేశాం. మరునాడు ఉదయం వరహాలమ్మ పరీక్షించి సరేనన్నాక సన్నిబాబు పాత డిటెక్టరు ఛాతీకి తగిలించుకుని దిగి, పావుగంటలో పీలికలన్నీ కోసుకుని పైకి వచ్చాడు. పైకి రాగానే డిటెక్టరు విప్పి ఆమెకు రెండు చేతులా అందించాడు. అంతకుముందెప్పుడూ అతను దాన్ని అలా ఇవ్వడం నేను చూడలేదు.

ప్రమాదం తప్పిన సంఘటనలు రాసే రిజిస్టరు ఒకటి మాకు ఉండేది. కారణం అన్న గడిలో సెన్సారు జల్లెడకు జిడ్డు అని రాస్తే చాలునని నాగరాజు గారు సలహా ఇచ్చారు. ఆయనది మంచి ఉద్దేశమే. నేను ఉన్నదున్నట్టు రాశాను: కొత్త పరికరాన్ని బంప్ టెస్ట్ చేయకుండా వాడింది సేఫ్టీ ఆఫీసరు, దాని ముఖానికి నూనె రాసిందీ సేఫ్టీ ఆఫీసరే. దాని మీద నాకు మెమో వచ్చింది. రావలసిందే. జవాబులో ఒక్కటే కోరాను. ఇక మీదట పర్మిట్ మీద నా సంతకానికి ముందు గ్యాస్ పరీక్షకు టెక్నీషియన్ సంతకం ఉండాలి, అది లేకుండా నాది చెల్లకూడదు. యాజమాన్యం ఒప్పుకుంది. నేను రిటైరయ్యేదాకా ఆ కాగితాల మీద వరహాలమ్మ పేరు పైన, నా పేరు కింద ఉండేవి.

ఆ ఆదివారం ఆరాధనలో నా వంతు సాక్ష్యం వచ్చినప్పుడు ఇదంతా చెప్పాను. దేవుని మాట విన్న తరవాత కూడా కళ్ళంలో గొర్రెబొచ్చు పరిచి, ఒక రాత్రి మంచుకు బొచ్చు మాత్రమే తడవాలని, మరో రాత్రి బొచ్చు మాత్రమే పొడిగా ఉండాలని, రెండు విధాలుగా పరీక్షించుకున్న బైబిల్లోని న్యాయాధిపతిని చిన్నప్పటినుంచీ అల్పవిశ్వాసి అని బోధించినవాణ్ణి నేను. ఆ రోజునుంచి అలా బోధించడం మానేశాను. తడవగలదో లేదో చూడకుండా, పొడిగా ఉంది కనక సరే అనుకున్నవాడు నేనే. నమ్మకం లేక పరీక్షించడం వేరు. ఇతరుల ప్రాణం చేతిలో ఉంది కనక పరీక్షించడం వేరు. వరహాలమ్మ చేసింది రెండోది.

ఈ వృత్తిలోకి రాబోయేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. డిటెక్టరు తెర మీద సున్నాకు రెండు అర్థాలుంటాయి: గ్యాస్ లేదని, లేదా సెన్సారు చూడలేకపోతోందని. రెంటిలో ఏది నిజమో తెర చెప్పదు, బంప్ టెస్ట్ చెబుతుంది. కొత్తదైనా, సర్టిఫికెట్ ఉన్నా, ప్రతిరోజూ వాడకానికి ముందు చేయాలి. ముక్కును నమ్మకూడదు. కంపు ఆగిపోతే ధైర్యం కాదు, భయం రావాలి. ప్రార్థన మోకాళ్ళ మీద చేయాలి, పరీక్ష సిలిండరుతో చేయాలి. ఒకటి చేశాం కదా అని రెండోది మానకూడదు. పరికరాన్ని రోజూ చేత్తో ముట్టుకునే మనిషి ఆగమంటే, హోదా ఏదైనా ఆగాలి.

ఇంతవరకు చదివిన మీరు నాతోపాటు ఒక్క నిమిషం తల వంచండి. ఈ పూట ఎక్కడో ఒక గోతి అంచున నడుముకు తాడు కట్టుకుని కూర్చున్న మనిషి కోసం ప్రార్థిద్దాం. వద్దు, ఆగండి అని చెప్పే ధైర్యం అక్కడున్న చిన్న ఉద్యోగికి ఇమ్మని అడుగుదాం. ఆ మాట వినగానే పెన్ను మూత పెట్టే బుద్ధి, కాగితం పట్టుకున్న అధికారికి ఇమ్మని అడుగుదాం. ఆమేన్.